మైదానమంతా కనిపించే దృశ్యాన్నీ ఎంచుకోనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్‌ను టీవీలో చూసే అభిమానులకు ప్రసార సంస్థ ఎంచి ఇచ్చే ఒక్క దృశ్యమే దిక్కవుతోంది. మధ్య గీతకు ఎదురుగా గ్యాలరీ ఎత్తున ఉండే ప్రధాన కెమెరా బంతి వెంటే తిరుగుతుంది. ఆట కాస్త నెమ్మదించగానే తెర మీదికి కోచ్ ముఖమో, గ్యాలరీలో కూర్చున్న ప్రముఖులో, ఇందాకటి ఫౌల్ రీప్లేనో వచ్చేస్తుంది. ఒక్కోసారి ఆ రీప్లే ముగిసేలోపే త్రోఇన్ వేయడం, దాడి సగం దూరం సాగిపోవడం కూడా జరుగుతుంది. ఇరవై ఇద్దరు ఆటగాళ్లూ ఒకేసారి కనిపించే ఎత్తయిన, విశాలమైన దృశ్యాన్ని కోరుకున్నవారు ఎంచుకునే వీలు కల్పించాలని మీ పత్రిక ద్వారా ప్రసార సంస్థలను కోరుతున్నాను.

2022 ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్‌పై అర్జెంటీనా 36వ నిమిషంలో చేసిన రెండో గోల్‌ను తీసుకోండి. మెస్సీ నుంచి అల్వారెజ్‌కు, అతని నుంచి ముందుకు దూసుకెళుతున్న మెకాలిస్టర్‌కు బంతి చేరింది. మెకాలిస్టర్ దాన్ని ఎడమవైపుకు పంపగా, డి మరియా గోల్‌కీపర్ లోరిస్‌ను దాటించి గోల్ చేశాడు. చూడముచ్చటైన గోల్ అది. అయితే దాని అందం ఆ పాస్‌లలోనే లేదు. బంతి ఇంకా మైదానం మధ్యలో ఉండగానే డి మరియా అటు అంచున అందుకున్న పరుగులోనూ, ఫ్రాన్స్ రక్షణ వరుస వెనుక తెరుచుకున్న ఖాళీలోనూ ఉంది. బంతినే అంటిపెట్టుకున్న చూపుకు ఆ పరుగు, ఆ ఖాళీ చివరి క్షణంలో గానీ అందవు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించి ఫైనల్లో గోల్ రాబట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్ వారే కనుక, ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది ఎంత ముఖ్యమో ఇక్కడి పాత తరం అభిమానులకు వేరే చెప్పనక్కర్లేదు.

కోణం మారితే కనిపించే నిజమే మారిపోతుందనడానికి అదే టోర్నీలో జపాన్, స్పెయిన్ మ్యాచ్ సాక్ష్యం. మైదానం చివరి గీత దగ్గర జపాన్ ఆటగాడు మితోమా వెనక్కి తిప్పిన బంతిని సహచరుడు తనాకా గోల్‌గా మలిచాడు. పక్క నుంచి చూస్తే తనాకాకు చేరకముందే బంతి ఆ గీత దాటి బయటికి పోయినట్టే, అంటే గోల్ చెల్లనట్టే ఉంది, గీతకు సూటిగా పై నుంచి చూస్తే దాని అంచు ఇంకా గీత మీదే ఉంది. 2-1తో జపాన్ గెలిచింది, అదే గ్రూపులోని జర్మనీ ఇంటిదారి పట్టింది. కొన్ని కెమెరాల దృశ్యాలు తప్పుదోవ పట్టించవచ్చని ఫిఫాయే ఆ తర్వాత గీత మీది కెమెరా దృశ్యాలను విడుదల చేసి వివరించాల్సి వచ్చింది. ఆ దృశ్యం అప్పుడే మన చేతిలో ఉండి ఉంటే అంత అనుమానానికి తావుండేది కాదు.

ఇందుకు కొత్తగా కెమెరాలు బిగించనక్కర్లేదు. మైదానమంతా కనిపించే దృశ్యం ప్రపంచకప్‌లో ప్రధాన ప్రసారంతో పాటు విడిగా తయారవుతూనే ఉంది. 2022లో జియో సినిమా కెమెరాలను మార్చుకునే సదుపాయాన్ని మన దేశంలోనే ఇచ్చి చూపింది. ఆఫ్‌సైడ్ (దాడి చేసే ఆటగాడు పాస్ సమయంలో ప్రత్యర్థి రక్షణ వరుసను దాటి ముందున్నాడా అన్నది) తేల్చడానికి ఆ టోర్నీలో స్టేడియం పైకప్పు కింద 12 ప్రత్యేక కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరంపై 29 బిందువులను సెకనుకు 50 సార్లు గుర్తించాయి. అంత చేయగలిగినవారికి ఒక విశాల దృశ్యాన్ని ఇళ్లకు చేర్చడం పెద్ద పని కాదు.

ఫోన్‌లో చూసేవారికి అంత దూరపు దృశ్యంలో ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారన్న మాట నిజమే. అందుకే ఉన్న ప్రసారాన్ని తీసేయమనడం లేదు, దాని పక్కన ఇంకొకటి ఉంచమంటున్నాను. పెద్ద తెరల టీవీలు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. ఈ సదుపాయాన్ని ఏదో ఒక్క ఫైనల్‌కు వేడుకగా కాక లీగ్ మ్యాచ్‌లకు కూడా ఇవ్వాలి. చిత్ర నాణ్యత ప్రధాన ప్రసారానికి తీసిపోకూడదు, వ్యాఖ్యానం కూడా అదే వినిపించాలి. ఆట సాగుతున్నంతసేపు ఆ తెర మీద రీప్లేలు, ప్రకటనలు రాకుండా చూడాలి.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని,
సికింద్రాబాద్