ఏడో జట్టు సంగతి

అమలాపురం,
డిసెంబరు 9, మంగళవారం.

ప్రియమైన మీటరుకు,

నీ ఉత్తరం దసరా వెళ్లిన మూడో రోజునే నా చేతికి అందింది. కార్తీకం గడిచి మార్గశిరం కూడా సగం దాటిన తరువాత జవాబు రాస్తున్నందుకు నన్ను మన్నించాలి. నీ అసలు పేరుతో మొదలుపెడదామని ఒక కాగితం తీశాను గాని, ఎవరో దూరపు బంధువుకు రాస్తున్నట్లు అనిపించి పక్కన పెట్టేశాను. ఇంటి కబుర్లు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, తుపానుకు పెరట్లో రెండు కొబ్బరిచెట్లు పడ్డాయి గాని ఇంటికేమీ కాలేదు, అబ్బాయి హైదరాబాదులోనే ఉన్నాడు, నాకు కళ్లజోడు మారింది. మిగతావి మరోసారి.

అసలు సంగతి వేరే ఉంది. ఇక్కడ ఎవరికి చెప్పబోయినా, "బాగైంది కదా, ఇంకేం కావాలి" అని లేచి వెళ్లిపోతున్నారు. ఎలా బాగైందో మొదటినుంచి చివరిదాకా వినే ఓపిక నీకొక్కడికే ఉంది.

మా చెల్లెలు అంగన్‌వాడీకి వెళ్లడానికి బ్యాటరీ సైకిలు కొనుక్కున్న సంగతి కిందటేడు రాశాను. పోను తొమ్మిది, రాను తొమ్మిది కిలోమీటర్లు, అంతా కాలువగట్టు దారి. ఒకసారి చార్జి పెడితే ముప్పై అయిదు కిలోమీటర్లు నిశ్చింతగా తిరిగేది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటిన తరువాత, చక్రం సగం మునిగే నీటిలో రెండు రోజులపాటు ఆ సైకిలును నడిపించుకుంటూ కేంద్రానికి వెళ్లింది. పిల్లల బియ్యం, గుడ్లు తడిసిపోతాయన్న ఆదుర్దా తనది. ఆ తరువాత వారానికి బ్యాటరీ ఇరవై నాలుగు కిలోమీటర్లకే ఆగడం మొదలుపెట్టింది. మరి మూడు నాలుగు రోజులకు పదకొండుకు వచ్చింది. చార్జరు పెడితే రెండు గంటలు తిరగకుండానే పచ్చలైటు వెలుగుతోంది.

కొన్న దుకాణానికి తీసుకువెళ్తే, "సెల్లులు పోయాయమ్మా, కొత్త బ్యాటరీ వేయించుకోవాలి, పద్నాలుగు వేలు" అన్నారట. తనకు నెలంతా పనిచేస్తే వచ్చేది 11,500 రూపాయలు. ఆ రాత్రి ఏమీ మాట్లాడకుండా అన్నం తిని, పళ్లెం కడుగుతూ, "అన్నయ్యా, ఒకసారి నువ్వు చూస్తావా" అంది. నేను రిలేలూ ట్రాన్స్‌ఫార్మర్లూ విప్పినవాడినే గాని లిథియం బ్యాటరీ మూత ఎన్నడూ తీయలేదు. అయినా తనకు లేదని ఎలా చెప్పను?

నీ ప్లాంటులో ఇలాంటివి నీ కంట పడ్డాయో లేదో గాని, లోపలి ఏర్పాటు ముందు చెప్పాలి. వేలెడు పొడవున్న గుండ్రటి సెల్లులు నలభై ఉంటాయి. నాలుగేసి పక్కపక్కన కలిపి ఒక జట్టు, అలాంటి పది జట్లు ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. ఒక్కో జట్టు నిండినప్పుడు 4.2 వోల్టులు, అంటే మొత్తం 42. లెడ్ యాసిడ్ బ్యాటరీ కాస్త ఎక్కువ తక్కువలను ఓర్చుకుంటుంది, లిథియం ఓర్చుకోదు. ఏ జట్టూ 4.2 దాటి పైకి పోకూడదు, మూడు వోల్టుల కంటే బాగా కిందికి దిగకూడదు. అందుకని ప్రతి జట్టు నుంచీ ఒక సన్నని వైరు వెళ్లి ఒక చిన్న కాపలా బోర్డుకు చేరుతుంది. దాన్నే బీఎంఎస్ అంటారు. పదింటిలో ఏ ఒక్కటి హద్దు దాటినా ఆ బోర్డు చార్జింగును ఆపేస్తుంది, ఏ ఒక్కటి అడుగంటినా సైకిలును ఆపేస్తుంది. ఒక జట్టు మిగతావాటికంటే ముందు నిండితే దాని రెండు కొసల మధ్య చిన్న రెసిస్టరును కలిపి, ఎక్కువైన కరెంటును కాస్త వేడిగా వదిలేస్తుంది. సోనీ కంపెనీ ఈ జాతి బ్యాటరీని మొదటిసారి బజారులోకి తెచ్చింది 1991లో, అంటే మనం డిప్లొమా పట్టాలు పుచ్చుకున్న ఏడాదే. మన పుస్తకాల్లో దీని పేరైనా లేకపోవడంలో మన లోపం లేదు.

నవంబరు 15, శనివారం నాడు వరండాలో బల్ల వేసి మూత విప్పాను. చెల్లెలిని గాజులు తీసేయమన్నాను, నేను ఉంగరం తీసేశాను, బకెట్టు నిండా పొడి ఇసుక తెచ్చి పక్కన పెట్టాను. "ముందు మీటరు పెట్టు, తరువాత నోరు తెరువు" అని మూడో బెంచీ దగ్గర నువ్వు పెట్టిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. చార్జరు పచ్చలైటు చూపించగానే రెండు కొసల మధ్య కొలిస్తే 41.36 వచ్చింది. దుకాణంలోనూ 41 చూసే ఉంటారు. మొత్తం బాగానే ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతోందో వాళ్లు చూడలేదు. నేను ఒక్కొక్క జట్టునే కొలుచుకుంటూ పోయాను. మొదటిది 4.20, రెండోది 4.20, మూడోది 4.20... ఆరో దాని వరకు అదే. ఏడోది 3.56. మళ్లీ ఎనిమిది, తొమ్మిది, పది 4.20.

ఏడు అనగానే నీకు కాకినాడ బస్టాండులో నువ్వు నాకు బాకీపడ్డ ఏడు రూపాయలు గుర్తుకు వచ్చి ఉంటాయి. అవి ఇప్పటికీ లెక్కలోనే ఉన్నాయి.

జరుగుతున్నదేమిటో అప్పుడు అర్థమైంది. చార్జింగులో తొమ్మిది జట్లు ముందే నిండిపోతున్నాయి, బోర్డు ఆపేస్తోంది, ఏడోది మూడోవంతు దగ్గరే ఉండిపోతోంది. సైకిలు నడుస్తుంటే ఆ ఏడోదే ముందు అడుగంటుతోంది, బోర్డు మళ్లీ ఆపేస్తోంది. తొమ్మిది కుండల నిండా నీళ్లున్నా పదో కుండ ఖాళీ కాగానే దాహంతో చావవలసిందే. అంటే ఏడో జట్టు సెల్లులు చచ్చిపోయాయని అనుకున్నాను. కాదు, బహుశా చార్జి తక్కువై ఉండవచ్చునని తరువాత అనుకున్నాను. అక్కడ నేను తొందరపడ్డాను, మిత్రమా. సోమవారం కార్తీకంలో చివరి సోమవారం, చెల్లెలు గుడికి వెళ్లి అటునుంచి అటే కేంద్రానికి వెళ్లాలి. సన్నవైర్ల కనెక్టరు ఊడదీసి, నా పవర్ సప్లైని 4.20 దగ్గర పెట్టి, ఒక ఆంపియరు చొప్పున ఏడో జట్టుకు మాత్రమే ఆదివారమంతా కూర్చుని చార్జి ఎక్కించాను. పది జట్లూ సమానమయ్యాయి. మూత బిగించి ఇచ్చేశాను. సోమవారం పద్దెనిమిది కిలోమీటర్లూ తిరిగి వచ్చి, ఇంకా సగం బ్యాటరీ ఉందని తను ఎంత సంతోషపడిందో చెప్పలేను.

ఆరో రోజు సాయంత్రం, ఇల్లు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా, కాలువగట్టు మీద ఆగిపోయింది. చీకట్లో నడిపించుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడి తను ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం నాకు చాలా కష్టంగా ఉంది.

మర్నాడు మన ఊళ్లో ఈ బళ్లు బాగుచేసే ఒక మెకానిక్కును అడిగాను. "ఆ బోర్డు తీసిపారేసి రెండు వైర్లు డైరెక్టుగా కలిపేయండి మాస్టారూ, పరుగెడుతుంది" అన్నాడు. పరుగెడుతుంది, నిజమే. ఏడో జట్టు అడుగంటినా ఆపేవాడు ఉండడు, చార్జింగులో మిగతా తొమ్మిదీ హద్దు దాటినా ఆపేవాడు ఉండడు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, ఆ తరువాత కొద్ది రోజులకే విజయవాడలోనూ ఇంట్లో చార్జింగు పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయిన వార్తలు నువ్వూ చదివే ఉంటావు. మా చెల్లెలు పడుకునే గదికీ, ఆ సైకిలు పెట్టే చోటుకూ మధ్య ఒక్క గోడ ఉంది. ఆ మాట అన్న మనిషి మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. వాడు ఎందరికి అలా చేసి పంపాడో తలుచుకుంటే భయం వేస్తోంది.

సరే, రెండోసారి విప్పాను. ఈసారి నిదానంగా చేశాను. ఏడో జట్టును మళ్లీ నింపి, కనెక్టరు బోర్డుకు పెట్టకుండా విడిగానే మూడు రోజులు వదిలేశాను. మొదటి రోజు 4.18, మూడో రోజు 4.17. సెల్లులు చచ్చినవైతే అలా నిలవవు! అప్పుడు కనెక్టరు పెట్టి, సైకిలుకు తగిలించకుండా, చార్జరూ పెట్టకుండా ఒక రాత్రి, ఒక పగలు ఊరికే ఉంచాను. తెల్లవారి కొలిస్తే తొమ్మిది జట్లు 4.17 దగ్గరే ఉన్నాయి, ఏడోది 4.07కు దిగింది. మీటరూ, నేను నీకు ఎలా చెప్పను, ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సెల్లుల తప్పు కాదు. కాపలా కాయవలసిన బోర్డే తాగేస్తోంది.

వేలితో బోర్డు మీద తడిమాను. పది చిన్న రెసిస్టర్లు ఒకే వరుసలో ఉన్నాయి, అన్నిటి మీదా 101 అని ముద్ర, అంటే వంద ఓములు. తొమ్మిది చల్లగా ఉన్నాయి. ఏడోది పాలగిన్నె చల్లారుతున్నప్పటి గోరువెచ్చదనంతో ఉంది, దాని కింద బోర్డు ఆకుపచ్చ కాస్త గోధుమరంగుకు తిరిగింది. నాలుగు వోల్టులు, వంద ఓములు, అంటే నలభై మిల్లీ ఆంపియర్లు. రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్. జట్టు మొత్తం సామర్థ్యం 10.4. ఆరు రోజులకు సగానికి పైగా పోవాలి, ముప్పై అయిదు కిలోమీటర్ల బండి పదహారు దగ్గర ఆగాలి. చెల్లెలి సైకిలు ఆగింది సరిగ్గా పదహారు దగ్గర! లెక్క చేసిన కాగితం దాచాను, నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆ రెసిస్టరును కలపడానికీ విడదీయడానికీ పక్కనే మూడు కాళ్ల చిన్న మాస్‌ఫెట్ ఉంటుంది, బియ్యపు గింజలో సగం. కనెక్టరు ఊడదీసి వరుసగా అన్నిటినీ మీటరుతో చూశాను. తొమ్మిదింటికి ఏ శబ్దమూ లేదు, ఏడోదానికి మీటరు కీచుమంది. అంటే అది శాశ్వతంగా కలిసిపోయి ఉంది, బోర్డు పొమ్మన్నా విడవడం లేదు. భూతద్దం పెట్టి చూస్తే, చార్జింగు పిన్ను దగ్గర సీలు ఊడి, అక్కడినుంచి నీరు దిగిన చార కనిపించింది. కనెక్టరు కాళ్ల దగ్గర మొదలై ఆ మాస్‌ఫెట్ దాకా తెల్లగా, అంచుల్లో పచ్చగా, ఉప్పు పేరుకున్నట్లు ఉంది. బహుశా ఆ తడే కారణమేమోనని పాత పళ్లబ్రష్షుతో ఐసోప్రొపైల్ ఆల్కహాలు వేసి శుభ్రంగా తోమాను, ఆరబెట్టాను. మీటరు మళ్లీ కీచుమంది. ఇక మార్చవలసిందే.

బజారులో పదిజట్ల బోర్డు దొరకదని కాదు. ఈ సైకిలు తన బోర్డుతో ఒక సన్నవైరు మీద మాట్లాడుకుంటుంది, వేరే బోర్డు పెడితే అసలు కదలదు. హైదరాబాదులో అబ్బాయిని ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే కోఠీ గుజరాతీ గల్లీకి పంపుదామనుకున్నాను. ఇంతలో సైకిలు కొన్న దుకాణంలో పనిచేసే కుర్రవాడు, చెల్లెలు అడిగిందని, చెత్తబుట్టలో పడేసిన ఇదే రకం బోర్డు ఒకటి తీసి ఇచ్చాడు. దాని పెద్ద మాస్‌ఫెట్‌లు మాడిపోయి ఉన్నాయి గాని, మనకు కావలసిన చిన్నవి పదీ బాగున్నాయి. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. తను చదువుకునేది కూడా ఎలక్ట్రానిక్సేనట, రెండో సంవత్సరం. ఆ పిల్లవాడి గురించి విడిగా రాయాలి.

బోర్డును ప్యాక్ నుంచి విప్పేటప్పుడు ఒక సంగతి జరిగింది. నా ట్వీజర్ కొన జారి నికెల్ పట్టీ అంచుకు తగిలింది. టప్పుమని నీలంగా మెరిసింది, కొన మీద ఆవగింజంత గుంట పడింది. అంతే, మరేమీ కాలేదు. చెల్లెలు టార్చి కిందికి దించకుండానే, కాలితో ఇసుక బకెట్టును మెల్లగా దగ్గరికి జరిపింది. నేను పని ఆపి, సెల్లుల మీద టేపు మరో రెండు వరుసలు చుట్టి, అరగంట తరువాత మళ్లీ కూర్చున్నాను. ఆ అరగంటలో నాకు మన లాబులో పెరుగన్నం డబ్బా గుర్తుకొచ్చింది. ఇంతకు మించి రాయను, మా ఇంట్లో ఉత్తరాలు అందరూ చదువుతారు.

ఊడదీయడం కంటే పెట్టడమే కష్టమైంది. కళ్లజోడు మీద భూతద్దం, ఊపిరి బిగబట్టుకోవడం, మూడు కాళ్లలో ఒకటి అంటుకుంటే మిగతా రెండూ లేవడం, ఇలా ముప్పావుగంట. చివరికి కూర్చుంది. మీటరు పెడితే కీచుమనలేదు. ప్యాక్‌కు కలిపేటప్పుడు ముందు లావు మైనస్ వైరు, ఆ తరువాతే సన్నవైర్ల కనెక్టరు. ఆ వరుస తప్పితే కొత్తగా పెట్టింది కూడా అప్పటికప్పుడే పోతుంది. ఏడో జట్టును మళ్లీ నింపి, అన్నీ సమానం చేసి, కనెక్టరు పెట్టాక చూస్తే బయటి కొసల దగ్గర సున్నా! నా గుండె జారిపోయింది. ఒక్క క్షణం చార్జరు తగిలించగానే బోర్డు మేల్కొని 41.7 చూపింది. ఇలాంటి బోర్డుల్లో కొన్నిటికి అలా తట్టి లేపడం అవసరమని ముందే చదివి కూడా ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు.

అది నవంబరు 30, ఆదివారం. అప్పటినుంచి రోజూ తను వెళ్లి వస్తోంది. సీలు కొత్తగా సిలికానుతో వేశాను. రాత్రి చార్జింగు పెట్టడం మాన్పించి, సాయంత్రం అందరం మెలకువగా ఉన్నప్పుడే, వరండాలో గట్టు మీద పెట్టిస్తున్నాను. నిన్న రాత్రి మూత తీసి పదింటినీ కొలిచాను. అన్నిటికంటే ఎక్కువ 4.17, అన్నిటికంటే తక్కువ 4.16. ఏడోది 4.17.

నిన్ను ఒకటి అడగాలి. మీ ప్లాంటులో బోర్డుల మీద తేమ పట్టకుండా ఏదో వార్నిషు పూస్తారని వెనుక ఒకసారి చెప్పావు. అది ఏ రకమో, కనెక్టరు పిన్నుల్లోకి పోకుండా ఎలా పూస్తారో వివరంగా రాయి. రెసిస్టర్ల వేడికి అది పొక్కుతుందా? ఇక్కడ గాలిలోనే ఉప్పు ఉంది, వచ్చే వానాకాలానికి ముందే ఆ పని

తపాలా డబ్బా నాలుగింటికి తీస్తారు, ఇప్పుడు మూడూ యాభై అయింది. చెల్లెలి సైకిలు బెల్లు వీధి మలుపులో వినిపిస్తోంది, దాని చేతికే ఇచ్చి పంపుతున్నాను.

నీ
మూడో బెంచీ మిత్రుడు