లస్కరు చేతికి ఇవ్వలేని వెబ్‌సైటు మాకెందుకండీ?

ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది కోనసీమలో కాలువ చివరి ఊరు. లొల్ల లాకుల దగ్గర చీలిన నీళ్ళు మా చేల దాకా వచ్చేసరికి ఉసూరుమంటాయి. శివారు రైతుకు వానాకాలం సార్వాలో ముంపు భయం, రెండో పంట దాళ్వాలో ఎద్దడి భయం. ఆ మాట జలవనరుల శాఖకు రాసుకోక మీకెందుకు అంటారేమో. నా గోడు నీళ్ళ గురించి కాదండీ, నీళ్ళ కబురు గురించి.

దాళ్వాలో గోదావరి తగ్గితే వంతులవారీగా నీళ్ళిస్తారు. ఏ కాలువకు ఏ రోజు వంతో చెప్పడానికి మాకో వెబ్‌సైటు ఉంది. బయటూరి సంస్థ కట్టిచ్చింది. ఒక్క అక్షరం మార్చాలన్నా వాళ్ళకే ఫోను చెయ్యాలి. మొన్నటి దాళ్వాలో మా వంతు సోమవారం నుంచి గురువారానికి మారింది. ఫోను చేస్తే "టికెట్ పెట్టాం సార్, బ్యాకెండు వాళ్ళు చూస్తారు" అన్నారు. వాళ్ళు చూసేసరికి పదకొండు రోజులు. ఈలోగా మా పక్క చేను పెద్దాయన, మనవడు ఫోనులో చూసి చెప్పిన పాత తేదీ నమ్ముకుని, అర్ధరాత్రి ఆయిలింజను బండి మీద వేసుకుని వెళ్ళాడు. బోదెలో చీలమండ తడిసేన్ని నీళ్ళు కూడా లేవు. తెల్లారేదాకా గట్టు మీదే కూర్చున్నాడు.

వంతు మారిన సంగతి కాలువ తూములు చూసుకునే మా లస్కరుకు మూడు రోజుల ముందే తెలుసు. అతని జేబులో ఫోనుంది, ఫోనులో నెట్టుంది, అతను తెలుగు చక్కగా రాస్తాడు. ఆ కబురు వెబ్‌సైటులోకి ఎక్కించే దారే లేదు.

వాట్సాప్ ఉందిగా అంటారు. ఉంది. లస్కరు అందులోనే చెప్పాడు, గొంతు రికార్డు చేసి. అది నాలుగు గ్రూపులు తిరిగి, రెండు వారాల తర్వాత ఎవరో మళ్ళీ పంపితే కొత్త కబురనుకుని ఇంకో పదిమంది పరిగెత్తారు. ఎప్పటి మాటో, ఎవరి మాటో తెలియని కబురు కంటే కబురు లేకపోవడమే నయం. తేదీ వేసి, ఒకే చోట ఉండి, మారినప్పుడు అక్కడే మారే పేజీ కావాలి మాకు.

వరదల్లో అయితే మరీను. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఆ అంకెలు రాజధానిలో కూర్చుని కూడా పెట్టొచ్చు. ఏ లంకకు పడవ ఆగింది, ఏ కాజ్‌వే మునిగింది అన్నది మాత్రం ఒడ్డున నిలబడ్డవాడికే తెలుస్తుంది.

సరే, నేనే నేర్చుకుందామని సంస్థవాళ్ళను బతిమాలి ఒక లాగిన్ తీసుకున్నాను. తెర తెరిస్తే ఎడమ పక్కన ఇరవై పైచిలుకు పేర్లు, అన్నీ ఇంగ్లీషే. 'పోస్టా, పేజీనా' అని మొదటి ప్రశ్న. తర్వాత 'స్లగ్' ఇవ్వమంది. నిఘంటువు చూస్తే గుల్ల లేని నత్త అని ఉంది. మా ఆకుమళ్ళలో ఉన్నవి చాలవా! పేజీ చిరునామాలో చివరి మాటని తర్వాత తెలిసింది. డీటీపీ షాపులో కొట్టించిన ప్రకటన తెచ్చి అతికిస్తే, అది పాత ఫాంటు కాబట్టి తెలుగంతా పిచ్చి గీతలైపోయింది. మళ్ళీ వేలితో కొట్టాను. చివరికి పేజీ వచ్చింది. లింకు పదిమందికి పంపితే మూరెడు పొడుగున శాతం గుర్తులు, అంకెలు. లింకులో తెలుగు మాట ఉంటే ఇలాగే మారుతుందట. మా ఊరి కుర్రాడు లెక్కగట్టి చెప్పాడు: 'నీరు' అన్న మాటలో నాలుగు యూనికోడ్ సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు, వెరసి 36. రెండక్షరాల మాటకు! అది చూసి ఇదేదో మోసం లింకు అనుకుని సగం మంది నొక్కనేలేదు.

వెబ్ పుట్టినప్పుడు ఇలా లేదట. 1990లో వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ రాసిన మొదటి బ్రౌజరులో చదవడమూ రాయడమూ ఒకే కిటికీలో జరిగేవి. తర్వాత వచ్చినవి చదవడానికే మిగిలాయి, రాత పనివాళ్ళ చేతికి పోయింది. 2003లో ఎవరి పేజీ వాళ్ళే రాసుకునే వర్డ్‌ప్రెస్ లాంటివి వచ్చాక ఆ దారి మళ్ళీ కొంత తెరుచుకుంది. ఆ ఏడు డిసెంబరులోనే తెలుగు వికీపీడియా కూడా మొదలైంది. అందులో రాసేవాళ్ళందరూ ఇంజనీర్లేం కాదు.

మీరు 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో ప్రభుత్వ సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చారు. అడిగేవాడికి దారి సులువైంది, కాదనను. చెప్పేవాడి సంగతేంటి? సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడక్కముందే సమాచారం బయట పెట్టమంటుంది, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోమంటుంది. మాకు దొరుకుతున్నది సంతకం పెట్టి స్కాన్ చేసిన కాగితం. అందులో వెతకలేం. చూపు లేనివాడికి ఫోను దాన్ని చదివి పెట్టదు.

అందరికీ తాళాలిస్తే సైటు గుల్లవుతుందని మీ నిపుణులు అంటారు. భయం న్యాయమైనదే. కానీ ఇప్పుడెలా ఉందో చెప్పనా? పాస్‌వర్డు ఒకటే, వాడేది నలుగురు, కాగితం బీరువా తలుపు లోపల అంటించి ఉంది. దానికంటే లస్కరు పేర వేరే లాగిన్ ఇచ్చి, అతను రాసింది నీటి సంఘం అధ్యక్షుడు చూసి వదిలేలా, పాత ప్రతులన్నీ నిలిచేలా చేస్తే భద్రం కాదా? ఈ ఏర్పాట్లు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరులోనే ఉన్నాయి. సర్వరు, బ్యాకప్పు, డొమైను ఇంజనీర్లే చూసుకోవాలి, అందులో మేం వేలు పెట్టం. ఆనకట్ట కట్టడం కాటన్ దొర లాంటివాళ్ళ పని. మా తూము మూత ఎత్తడానికి కూడా ఆయన్నే పిలవాలంటే ఎలాగండీ?

గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు ఉన్నాడనొచ్చు. పాపం, అతనికి ఉన్న పనే తెమలదు. ఈ కబురు పుట్టేదీ అతని బల్ల దగ్గర కాదు.

నేనడిగేది టెండరులో ఒక షరతు. రాసే తెర మొత్తం తెలుగులో ఉండాలి, ఫోనులో పనిచెయ్యాలి. రాసే పరికరాల కోసం వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యు3సి సంస్థ 2015లో ఇచ్చిన ఏట్యాగ్ 2.0 ప్రమాణం పాటించాలి, చూపు లేని ఉద్యోగి కూడా రాయగలగాలి కదా. బిల్లు చెల్లించే ముందు ఆ తెరను వాడబోయే మనిషి చేతికివ్వండి. పక్కన ఎవరూ చెప్పకుండా, పది నిమిషాల్లో, అతను ఒక తేదీ మార్చగలిగితే డబ్బులిచ్చెయ్యండి. లేకపోతే వెనక్కి పంపండి.

ఈ మాట మా లస్కరుతో అంటే నవ్వాడు. "నాతోనే పరీక్ష పెట్టించండి బాబూ, ఆయ్. కాలువలు కట్టేశాకయితే నాకూ కాస్త తీరిక" అన్నాడు. వేసవిలో పూడికలు తీసేటప్పుడు ఎవరినైనా పంపండి. లాకు దగ్గరే ఉంటాడు.

ఇట్లు,
మధ్య డెల్టా శివారు రైతు ఒకడు