పాత కారు కొనేముందు నంబర్లు చూడండి

మిత్రులందరికీ నమస్కారం. నిన్న మన సభ్యుడొకరి కోసం 1972 నాటి అంబాసిడర్ చూడడానికి వెళ్లాను. రంగు, సీట్లు చూస్తే ముచ్చటేసింది. బేరం కూడా దాదాపు కుదిరింది. కిరోసిన్ గుడ్డతో ఛాసిస్ (బండి చట్రం) మీద కొట్టిన నంబరు జిడ్డు తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాను. ఆర్సీలో 3 ఉన్నచోట కాగితం మీద 8 తేలింది. ఆ ఒక్క అంకె మిగతావాటికంటే లోతుగా, కాస్త పక్కకు ఒరిగి ఉంది. చుట్టూ ఆకురాయి గీతలు. ఎవరో అంకె దిద్దారని అనుమానం వచ్చింది. బయానా ఇవ్వకుండా వచ్చేశాం.

దయచేసి ఛాసిస్ నంబరు రాసి బిగించిన కంపెనీ ప్లేటు చూసి సరిపెట్టుకోకండి. ప్లేటు మార్చడం తేలిక. పాత ప్లేటుకు కొత్త రివెట్లు మెరుస్తుంటే తప్పకుండా అనుమానించండి. ఇనుము మీద కొట్టిన అంకెలే చూడాలి. 17 అక్షరాల నంబరు లేదని మాత్రం కంగారు పడకండి, ఆ కాలపు బండ్లకు చిన్న నంబర్లే ఉండేవి.

ఇంజిన్ నంబరు తేడా వేరే సంగతి. అంబాసిడర్లలో పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్‌ది బిగించడం మామూలే. ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే, యజమాని చేత రవాణా కార్యాలయంలో ఎక్కించాకే డబ్బివ్వండి. అయితే 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వీఏ సిరీస్ (వింటేజ్ బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్ నంబరు) కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. ఆ ఆశ ఉన్నవాళ్లు ఇంజిన్ మార్చిన బండి జోలికి వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం.

ఈ వారం బండి చూడబోయేవాళ్లు ఆర్సీ, పెన్సిల్ అచ్చు ఫొటోలు గ్రూపులో కాకుండా నాకు విడిగా పంపండి. రాత్రిలోగా చూసి చెబుతాను.