డైరీలో పెట్టి పంపిన చీటీ గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన నాటి నుంచి గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపులోనూ నడుస్తున్న చర్చ నా దాకా వచ్చింది గనుక, ఈ నెల వార్తాలేఖలో ముందుగా దాని గురించే రాస్తున్నాను. సెలవులకు ముందు నర్సరీ నుంచి ఒకటో తరగతి వరకు పిల్లలందరి మాటతీరును స్పీచ్ థెరపిస్టు చేత చూపించి, మరికొంత పరీక్ష అవసరమనిపించిన వారి డైరీలలో ఒక చీటీ పెట్టి పంపాం. అది అందుకున్న కొందరు "మా పిలగాణ్ణి మూగోడంటరా" అని నొచ్చుకున్నారు. అందనివారిలో కొందరు, చీటీ వచ్చిన పిల్లలకు టీసీ ఇచ్చి పంపేస్తారట అని ప్రచారం చేశారు. ఒకరైతే చీటీని ఫోటో తీసి, అది ఎవరి బిడ్డదో పోల్చుకోమన్నట్టు గ్రూపులో పెట్టారు. తరువాత తొలగించారు, సంతోషం. ఎవరికీ టీసీ ఇవ్వడం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మాట, భాషకు సంబంధించిన వైకల్యాన్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది. అటువంటి పిల్లలను గుర్తింపు పొందిన ఏ బడీ వివక్షతో తిప్పి పంపడానికి వీలు లేదు. చట్టం లేకపోయినా మేము పంపేవాళ్లం కాదన్నది వేరే సంగతి.

చీటీలో మేము కోరింది ముందుగా చెవుల పరీక్ష చేయించమని. సరిగా వినపడని మాటను బిడ్డ సరిగా పలకడం కష్టం. తరచూ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనుక నీరు చేరితే, వారాల తరబడి మాటలు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు మందంగా వినిపిస్తాయి. నొప్పి ఉండకపోవచ్చు, గట్టిగా పిలిస్తే తిరిగి చూస్తారు కూడా, అందుచేత ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఇక పలుకు విషయానికి వస్తే, కాకి బొమ్మ చూపించినప్పుడు "తాతి" అన్న పిల్లలు ఉన్నారు. నాలుక వెనుక భాగం పైకి లేవవలసిన చోట ముందు భాగం లేవడం వల్ల "క" కాస్తా "త" అవుతుంది. మూడేళ్ల వయసులో అది ముద్దుగానే ఉంటుంది, చాలామందిలో తనంతట తానే సర్దుకుంటుంది. నాలుగు నిండినా అలాగే ఉంటే చూపించాలి.

"వాళ్ల నాయిన కూడా ఆలస్యంగానే మాట్లాడిండు", "మగపిల్లలకు మాటలు లేటే" అనే సమాధానాలు మాకు కొత్త కాదు. మాటలు వస్తాయని వస నాకించామని చెప్పిన వారూ ఉన్నారు. వసకొమ్ము చెవిలోని నీటిని తీయలేదు. పైగా వైద్యుణ్ణి అడగకుండా పసిపిల్లల నాలుకకు ఏదీ రాయకూడదు. ఏడాది దాటేసరికి ఒకటి రెండు మాటలు, రెండేళ్లకు "అమ్మా రా" వంటి జంట మాటలు, మూడేళ్లకు చిన్న వాక్యాలు రావాలి; నాలుగేళ్ల బిడ్డ మాట కొత్తవారికి కూడా చాలావరకు అర్థం కావాలి. కాస్త అటూ ఇటూ ఉండవచ్చు గాని, ఏళ్లకేళ్లు ఎదురుచూడటం ఓపిక అనిపించుకోదు.

నన్ను అన్నిటికన్నా బాధించేది మరొకటి ఉంది. బిడ్డకు మాటలు రావడం లేదని తెలియగానే, ఇంట్లో లంబాడీ మానేసి, ఉర్దూ మానేసి, పాలమూరు తెలుగు కూడా మానేసి ఇంగ్లిష్ మొదలుపెడుతున్నారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. కానీ మనకు అలవాటు లేని భాషలో మనం బిడ్డతో ఎంతసేపు మాట్లాడగలం? "కమ్, సిట్, ఈట్" దగ్గరే ఆగిపోతాం. ఇప్పుడు ఇంటింటా సీతాఫలాలు ఉన్నాయి. ఒక కాయ పట్టుకొని బిడ్డ పక్కన కూర్చోండి. కండ్లు తెరిచిందా చూడు, మెత్తబడ్డదా వత్తి చూడు, ఇప్పు, గింజ మింగకు, ఉమ్మెయ్, ఇంకోటి కావాల్నా అని మీ నోటికి వచ్చే భాషలోనే అనండి. బిడ్డ "గింజ" అంటే "అవును, నల్ల గింజ" అని మీరు ఒక మాట కలపండి. అడిగిన తరువాత ఆగండి, మనసులో ఐదు వరకు లెక్కపెట్టండి. చెప్పు చెప్పు అని వెంటపడకండి. థెరపిస్టు గదిలో జరిగేదీ చాలావరకు ఇదే, కాకపోతే అక్కడ వారానికి రెండు గంటలు, మీ దగ్గర రోజంతా. ఇంగ్లిష్ నేర్పే పని దయచేసి మాకు వదిలేయండి, ఫీజు తీసుకుంటున్నది అందుకే కదా.

నాలుగేళ్ల కిందట నాలుగైదు మాటలతో నర్సరీలో చేరిన ఒక బాబు ఇప్పుడు రెండో తరగతి. పేరు రాయను, వాళ్ల అమ్మకు మాట ఇచ్చాను. గునుగును చాలాకాలం "దునుదు" అనేవాడు. ఈసారి బతుకమ్మ సంబరాలలో మైకు పట్టుకొని తంగేడు, గునుగు, బంతి, కట్ల అంటూ పూల పేర్లన్నీ చదివాడు. గునుగులోని రెండు "గ"లూ వెనుక వరుసలో కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించాయి. ఇంటర్వెల్‌లో అంగడి ఆట పెట్టుకొని, అడిగితే తప్ప సామాను ఇవ్వమని పట్టుబట్టి అతని చేత మాట్లాడించిన నాలుగో తరగతి అమ్మాయిలిద్దరికి ఆ ఉపాయం ఎవరూ నేర్పలేదు. యూకేజీలో తండా నుంచి వచ్చే పాప తరగతిలో నోరు విప్పదు, కానీ పాటలో ప్రతి చరణం చివర టీచర్ ఆగినప్పుడు "ఉయ్యాలో" తనే అందుకుంటోంది.

ఇక ఫోన్లు. సాయంత్రం గేటు దగ్గర బిడ్డ బండి ఎక్కీ ఎక్కకముందే చేతిలో ఫోన్ పెట్టే తల్లిదండ్రులను రోజూ చూస్తూనే ఉన్నాం, వారి అలసటను అర్థం చేసుకోగలం. అయితే ఫోన్‌లో బొమ్మలు లేనిదే ముద్ద మింగని పిల్లలకు మధ్యాహ్నం అన్నం తినిపించడం మా ఆయాల వల్ల కావడం లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపించవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటనివ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. వీడియో బిడ్డ జవాబు కోసం ఆగదు.

రెండో టర్మ్ ఫీజు నెలాఖరులోగా కట్టాలి, పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, స్వెటర్ల మీద పేర్లు రాయండి.

చీటీ వచ్చినవారు జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా ఉండే సత్వర చికిత్సా కేంద్రంలో గాని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో గాని అడగవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వాక్కు, వినికిడికి సంబంధించిన జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ప్రైవేటుగా చూపిస్తే ఆ థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. నెలలో మాటలు తెప్పిస్తామనే వారి దగ్గరకు వెళ్లకండి. వచ్చే శనివారం ఉదయం పది గంటలకు మన బడిలోనే థెరపిస్టు మీ సందేహాలకు జవాబిస్తారు. చీటీ రానివారూ రావచ్చు. నానమ్మలనూ అమ్మమ్మలనూ తప్పక వెంట తీసుకురండి, మీరు పనికి వెళ్లాక పిల్లలతో ఉండేది వారే.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు