ప్రాగ్‌లో దారి చూపిన పెద్దావిడకు కృతజ్ఞతలు

ప్రాగ్ పాత పట్టణ కూడలిలో అందరూ 1410 నాటి ఖగోళ గడియారం వైపు తలెత్తి చూస్తుంటే, మీరు మాకు నేలను చూపించారు. టౌన్‌హాల్ పక్కన రాళ్లలో పొదిగిన 27 తెల్ల శిలువలు! హాబ్స్‌బర్గ్ రాజవంశ పాలనపై తిరగబడిన 27 మందిని 1621లో అక్కడే చంపారని మీరు చెప్పకపోతే, వాటిని తొక్కుకుంటూ వెళ్లిపోయేవాళ్లం.

మోకాళ్ల నొప్పులతో అమ్మ కొండమీది ప్రాగ్ కోట మెట్లు ఎలా ఎక్కుతుందోనని నాకు ఒకటే టెన్షన్. 22వ నంబరు ట్రామ్ పైదాకా వెళ్తుందని చెప్పి, స్టాప్ వరకూ మీరే నడిచొచ్చారు. 1344లో మొదలై 1929కి గానీ పూర్తికాని, కోటలోని సెయింట్ వైటస్ కేథడ్రల్‌ను (పెద్ద చర్చిని) అమ్మ తనివితీరా చూసింది. రంగు అద్దాల కిటికీల దగ్గర్నుంచి కదిలితే ఒట్టు!

మీ పేరు తెలియదు. అమ్మ తరఫున, నా తరఫున మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.