ఆ చుక్కల కింద మా పెద్దలున్నారు: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ, రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మదనపల్లె దగ్గరి ఒక చిన్న పల్లెలో నూట ముప్పై ఏళ్లు దాటిన క్రైస్తవ సంఘం మాది. ఊరికి దక్షిణంగా, వాగు గట్టున మా సమాధుల తోట ఉంది. ముప్పై సెంట్లకు కాస్త అటూ ఇటూ. ఆ నేల ఎవరిదని అడిగితే మా ఊళ్లో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. ప్రభుత్వ రికార్డు మాత్రం చెప్పదు. ఆర్‌ఎస్‌ఆర్‌లో, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలున్నాయి. ఎనభయ్యేళ్ల వయసున్న మా సంఘపెద్దకు ఆ పేజీ చూపించినప్పుడు, ఆయన ఆ చుక్కల మీద వేలు పెట్టి, "ఇక్కడేనా మా నాయన ఉన్నది?" అని అడిగారు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా మా సంఘం సంగతి రెండు మాటల్లో చెప్పాలి, చిక్కుకు మూలం అక్కడే ఉంది. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి వారి ఆర్కాటు మిషన్ 1853లో మొదలైంది. ఆ మిషన్ తరఫున వైద్యుడు, బోధకుడు జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లెకు వచ్చారు. తెలుగు బైబిలు సవరణలో పనిచేసి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. ఆ మిషన్ వారిది ప్రెస్బిటేరియన్ పద్ధతి. బిషప్పు ఉండడు, సంఘపెద్దలు కూర్చుని మాట్లాడుకుని సంఘాన్ని నడుపుకుంటారు. తరువాత వారు స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్లతో ఏకమయ్యారు. 1908లో కాంగ్రిగేషనల్ సంఘాలతో కలిసి దక్షిణ భారత ఐక్య సంఘమయ్యారు. 1947 సెప్టెంబర్ 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ)లో చేరారు. ఈ మధ్యలోనే, 1911లో, మదనపల్లె కడప జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాకు మారింది. 2022లో అన్నమయ్య జిల్లాలోకి వచ్చింది. ఇన్ని పేర్లు మారినా కాగితాల మీద ఒకదాన్ని మరొకదానితో ముడివేసినవారు లేరు. నేల కొన్నది ఒక పేరు మీద, ఆరాధన జరిగేది మరో పేరు మీద, సర్వేయరుకు కనిపించేది ఏ పేరూ లేని బీడు.

మా నాయనమ్మ ట్రంకు పెట్టె అడుగున ఒక దస్తావేజు నకలు దొరికింది. మడతల దగ్గర నాలుగు ముక్కలైపోయింది. 1880ల నాటిది. దాంట్లో సర్వే నంబరు లేదు, చెక్కుబందీ మాత్రం ఉంది. తూర్పున వాగు, పడమర బండ్ల బాట, దక్షిణాన బండ గుట్ట, ఉత్తరాన చింతమాను. సంఘస్థులను పాతిపెట్టుకోవడానికే ఈ నేల అని రాసి ఉంది. కొన్నది మిషన్ దొర పేరిట. నిజానికి దస్తావేజు కంటే సమాధులే పాతవి. ధాత కరువులో, అంటే 1876-78 నాటి మహా కరువులో, చనిపోయినవారిని అప్పటికే అక్కడ పూడ్చారని మా పెద్దలు చెప్పేవారు. వారికి రాళ్లు లేవు, రాళ్లు పెట్టేంత శక్తి ఎవరికీ లేదు.

నకలుంటే చాలదు, అసలు పుస్తకంలో చూపించాలన్నారు అధికారులు. సరేనని వెతికాను. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి చేత్తో రాసిన సంపుటాల్లో ఉంటాయి. ఒక కార్యాలయంలో ఆ పుస్తకాలు ఇవ్వడం కుదరదన్నారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టిన ఎవరైనా స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని చూడవచ్చని, నకలు పొందవచ్చని కాగితం మీద రాసి ఇచ్చాక ఒప్పుకున్నారు. సూచికలో దొర పేరు ఇంటిపేరు కింద లేదు, అసలు పేరు కిందా లేదు. నాలుగో రోజున "రెవరెండ్" అనే బిరుదు కింద దొరికింది! పేజీ తెరిస్తే సిరా గోధుమ రంగుకు తిరిగి, పురుగు తొలిచిన రంధ్రాల మధ్య నుంచి కింది పేజీ అక్షరాలు కనిపిస్తున్నాయి. అయినా చదవగలిగాను. అదే వాగు, అదే బండ్ల బాట, అదే గుట్ట, అదే చింతమాను. ఆ గదిలో నిలబడి నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

మంత్రిగారూ, ప్రభుత్వం దగ్గర ఆ పేజీకి మరో ప్రతి లేదు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు చెలరేగి భూముల ఫైళ్లు కాలిపోవడం రాష్ట్రమంతా చూసింది. నేను చూసిన పుస్తకం ఉన్నది అక్కడ కాదు. కానీ ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక అగ్గిపుల్ల, ఒక వానకు కారే కప్పు, కొన్ని చెదలు చాలు, మా చింతమాను సాక్ష్యం పోతుంది.

ఇప్పుడు భూముల రీసర్వే జరుగుతోంది. అది మంచి పనే, వ్యతిరేకించడం లేదు. కాకపోతే, కొత్త పటంలో ఒకసారి ఎక్కిన మాటను మార్చాలంటే పేదవాడి తరం కాదు. చుక్కల భూముల కోసం 2017లో చట్టం వచ్చింది, పన్నెండేళ్లకు మించి అనుభవంలో ఉన్నవారి హక్కును రికార్డులో ఎక్కించడానికి. రైతుకు అది న్యాయం. పక్క పొలంవాడు గట్టు జరుపుకుంటూ వచ్చి రెండు వరుసల సమాధులను దున్నేస్తే, అనుభవం ఎవరిదని రాస్తారు? పంట వేసినవాడికి అడంగల్ ఉంటుంది. పడుకున్నవారికి ఏముంటుంది?

రాష్ట్రంలో ఎంతోమంది తమ భూమిని రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితా నుంచి తీసేయమని మీ కార్యాలయం చుట్టూ తిరుగుతున్నారు. మేము అడిగేది తలకిందులుగా ఉంటుంది. మా ముప్పై సెంట్లను శ్మశానమని పేరు పెట్టి ఆ జాబితాలో చేర్చండి. ఎవరూ అమ్మకూడదు, మా సంఘం పేరు చెప్పుకుని మాలో ఎవరూ కూడా అమ్మకూడదు. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, కానీ సంఘాల భూములు లోపలివాళ్ల చేతుల మీదుగా పోయిన ఊళ్లు మాకు తెలుసు.

చుక్కలున్న చోట, లేదా సమాధులున్నాయని ఊరివాళ్లు చూపిన చోట, పటం ఖాయం చేయకముందు రిజిస్ట్రేషన్ శాఖ పాత సూచికలను తప్పనిసరిగా చూడాలని ఆదేశించండి. రెండు శాఖలూ మీ కిందే ఉన్నాయి, ఒక్క ఉత్తర్వు చాలు. 1983కు ముందున్న ఒకటో పుస్తకాలను, సూచికలతో సహా, పేజీ పేజీ ఫొటో తీయించండి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రెవెన్యూ కాగితాలు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ప్రాచీన పత్రాల భాండాగారంలో ఉన్నాయి. రిఫార్మ్‌డ్ చర్చి వారి పత్రాలు న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో భద్రంగా ఉన్నాయి. వాటి నకళ్ల కోసం మీ ప్రభుత్వమే ఉత్తరం రాయాలి. పల్లె సంఘం రాసిన ఉత్తరానికీ రాష్ట్ర ప్రభుత్వం రాసిన ఉత్తరానికీ ఉండే తేడా మీకు తెలియనిది కాదు.

1905లో ఒక ఐసీఎస్ అధికారి ప్రెసిడెన్సీలోని సమాధుల శాసనాలను జాబితా చేసి అచ్చు వేయించారు. ఐరోపావారి సమాధుల కోసం చేసిన పని అది. మా తోటలో పేరు చదవగలిగే పాత రాయి ఒక్కటే మిగిలింది. నాచు గీకితే పేరులో మూడు అక్షరాలు, దాని కింద తెలుగు అంకెల్లో ౧౮౯౧ కనిపిస్తాయి. చెక్కినవాడు ఒకటిని మొదట తిరగేసి చెక్కి, మళ్లీ సరిదిద్దుకున్నాడు. అతనికి చదువు అంతంతమాత్రమే అయ్యుంటుంది. అయినా పక్క ఊరి నుంచి బండ తెప్పించి, తనవాళ్ల పేరు ఉండాలని చెక్కాడు.

సర్వే బృందం మా ఊరికి వచ్చే తేదీని దయచేసి వారం ముందుగా తెలియజేయించండి. దస్తావేజు సర్టిఫైడ్ నకలు మా దగ్గర సిద్ధంగా ఉంది. చింతమాను 1996 గాలివానకు కూలిపోయింది, మొద్దు మాత్రం భూమిలో ఉంది. అది ఎక్కడుందో చూపించగలవారు మా ఊళ్లో ఇద్దరే మిగిలారు. వారిలో ఒకరు ఇప్పుడు మంచం పట్టి ఉన్నారు. ఆ రోజు ఆయనను కుర్చీలో మోసుకొస్తాం.

భవదీయురాలు,
మదనపల్లె ప్రాంతపు ఒక పల్లె సంఘ సభ్యురాలు, విశ్రాంత ఉపాధ్యాయురాలు