లేసిక్ చుక్కల మందుకు ఆపే తేదీ రాసివ్వాలి

సంపాదకులకు,

బెంగళూరులో లేసిక్ (కళ్లజోడు అవసరం లేకుండా చేసే లేజర్ ఆపరేషన్) చేయించుకునేవాళ్లలో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్‌లలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు తక్కువేం కాదు. శుక్రవారం ఆపరేషన్, మర్నాడు చెకప్, ఆ రాత్రే అనంతపురమో కడపో బస్సు. ఆ మొదటి చెకప్ ఎవరూ మానరు. ఎగ్గొట్టేది ఆ తర్వాతివే.

వాపు రాకుండా వేసే స్టెరాయిడ్ చుక్కలు కొందరికి పడవు. రెండు మూడు వారాల్లో కంటి ప్రెషర్ పెరుగుతుంది. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్నవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఆ ఒత్తిడికి కార్నియాలోకి (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) ఊరిన నీరు, లేసిక్‌లో లేపి మళ్లీ పరిచిన ఫ్లాప్ (దాని పై పలుచని పొర) కింద చేరి చూపు మసకబారుతుంది. చూడటానికి ఇది ఫ్లాప్ కింద వచ్చే డీఎల్‌కే వాపులాగే ఉంటుంది. దానికి మందు స్టెరాయిడే కదా, చుక్కలు పెంచుతారు. లేదా పేషెంటే పాత చీటీతో ఇంకో సీసా కొంటాడు. ప్రెషర్ మరింత ఎక్కుతుంది.

ప్రెషర్ చూశాం, నార్మలే అంటారు. చిక్కంతా అక్కడే. ప్రెషర్ కొలిచే టోనోమీటర్‌ను కార్నియా నడిమధ్య ఆనిస్తే అది నొక్కేది ఫ్లాప్ కింది నీటిని. లోపల 35 ఉన్నా 9 చూపించవచ్చు. లేజర్‌తో పలచబడ్డ కార్నియా మీద రీడింగు ఎటూ తక్కువే వస్తుంది. ఫ్లాప్ అంచు దాటి, పక్కన కొలవాలి. చేత్తో పట్టుకుని కొలిచే టోనోపెన్ ఉంటే నిమిషం పని.

డీఎల్‌కే సాధారణంగా మొదటి వారంలోనే బయటపడుతుంది. వారం దాటాక కొత్తగా మసక వస్తే ముందు అనుమానించాల్సింది ప్రెషర్నే. డాక్టరు స్టెరాయిడ్ ఆపించి, ప్రెషర్ తగ్గించే మందు ఇస్తే కార్నియా తేటపడుతుంది. ఆలస్యమై కంటి నరం దెబ్బతింటే మాత్రం పోయిన చూపు తిరిగి రాదు. ఇది అరుదే, కాదనం. కానీ పట్టుకోవడం ఇంత సులువైనదాన్ని వదిలేయడం అన్యాయం. ఫ్లాప్ లేకుండా చేసే ఇంకో లేజర్ ఆపరేషన్ పీఆర్‌కేలో ఇలా నీరు చేరదుగానీ చుక్కలు ఎక్కువకాలం వాడతారు, కాబట్టి అక్కడా ప్రెషర్ చూడక తప్పదు.

ప్యాకేజీ బ్రోషర్లు మాత్రం రంగురంగుల్లో ఉంటాయి. డిశ్చార్జి చీటీలో స్టెరాయిడ్ పేరు, ఆపే తేదీ, ఆపరేషన్‌కు ముందున్న ప్రెషర్, కార్నియా మందం, ఫ్లాప్ మందం, దాని కింద మిగిలిన మందం రాసివ్వడాన్ని కర్ణాటక ఆరోగ్య శాఖ తప్పనిసరి చేయాలి. ఆ మిగిలినది 250 మైక్రాన్లకు తగ్గకూడదని పేషెంటుకూ తెలియాలి. ఊళ్లో చూసే డాక్టరు కోసం ‘ప్రెషర్ పక్కన కొలవండి’ అని ఒక్క లైను చాలు. ముందుముందు శుక్లాల ఆపరేషన్‌కు లెన్స్ పవర్ లెక్కకట్టేటప్పుడూ లేసిక్ జరిగిందని చెప్పడానికి ఆ చీటీయే అక్కరకొస్తుంది.

— కొందరు ఆప్టోమెట్రిస్టులు, బెంగళూరు